కొసరు గింజ

క్లాసులో పన్నెండు మంది ఉన్నారని అతను ఒట్టేసి చెప్పగలడు.

లెక్కలో అతనికి పొరపాటు రాదు మరి. ఆరేళ్ళుగా తినేది, తాగేది, నిద్రపోయేది లెక్కలతోనే. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఏ శాఖ ఎలా నడుస్తోందో, ఏ డిగ్రీకి ఎంత విలువుందో చూసి మార్కులు వేసే కమిటీలో అందరికంటే చిన్నవాడు. పెద్దలు ముగ్గురూ గెస్ట్‌హౌస్‌లో కూర్చుని సంతకాలు పెడతారు. కుర్చీలు, మైక్రోస్కోపులు, పుస్తకాలు, పిల్లల తలలు లెక్కపెట్టే చాకిరీ అంతా ఇతనిది. అందుకే వెళ్ళిన ప్రతిచోటా గంటలోపే అతనికి అదే పేరు పడిపోతుంది. మార్కులబాబు.

ఆ ఉదయం ముసురు పట్టి, పది గంటలకే సాయంత్రంలా ఉంది. విత్తన శాస్త్రం పీజీ క్లాసు వెనక తలుపు తోసుకుని చప్పుడు లేకుండా లోపలికొచ్చాడు. చెప్పి వెళితే పక్క క్లాసు పిల్లలు అరువుకొచ్చి కూర్చుంటారు. అది అతనికి అనుభవమే.

బోర్డు మీద గింజ బొమ్మ గీస్తున్న అమ్మాయి వెనక్కి తిరిగింది. వేళ్ళకి సుద్ద, చెంపకి సుద్ద, ముక్కు చివర కూడా కాస్త సుద్ద.

"ఎవరండీ? దొంగలా వెనక నుంచి వస్తారేంటి?"

"కమిటీ నుంచండీ. తలలు లెక్కపెడుతున్నా."

"తలుపు తట్టి లెక్కపెడితే తలలు తగ్గుతాయా?"

"పెరుగుతాయి మేడం. అదే గొడవ."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వు ఆపుకుంటూ రిజిస్టరు తెచ్చి చేతిలో పెట్టింది. అందులో పేర్లు పదకొండే ఉన్నాయి. అతను కాగితం చూశాడు, బెంచీలు చూశాడు.

"పదకొండని రాశారు. ఇక్కడ పన్నెండు మంది ఉన్నారు."

ఆమె చేతిలో సుద్దముక్క జారి కిందపడింది.

"ముందు నుంచి లెక్కపెట్టండి," అంది నెమ్మదిగా.

బోర్డు దగ్గరికొచ్చి మొహాలు లెక్కపెట్టాడు. పదకొండు. మళ్ళీ వెనక్కి వెళ్ళి లెక్కపెట్టాడు. పన్నెండు. ఎక్కడ ఒకటి ఎక్కువొస్తోందో అంతుపట్టలేదు. చివరి బెంచీ పక్క నుంచి వెళ్తున్నప్పుడు మాత్రం గుప్పున లవంగం వాసన వచ్చింది. ఆ బెంచీ ఖాళీగా ఉంది.

బయటికొచ్చాక వరండాలో నిలబడి ఆలోచించాడు. నిబంధన ప్రకారం పీజీ కోర్సు నడవాలంటే కనీసం పన్నెండు మంది ఉండాలి. ఒక్కరు తగ్గినా కోర్సు ఎత్తేస్తారు, శాఖని ఇంకో శాఖలో కలిపేస్తారు. ఎక్కడికెళ్ళినా ఏడుగురుంటే పదిహేనుమందని రాసేవాళ్ళే. ఒకచోట పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన అమ్మాయి పేరు కూడా మూడేళ్ళు రిజిస్టర్లో హాజరు వేయించుకుంది. ఉన్నవాళ్ళని తగ్గించి రాసే మహాతల్లిని అతను ఇదే చూడటం.

"ఎవర్ని దాస్తున్నారు మేడం?" మధ్యాహ్నం ల్యాబులో నిలదీసి అడిగేశాడు.

"దాచడానికి నా దగ్గరేముంది? తుప్పు పట్టిన రెండు ఓవెన్లు, బీకరు బాబాయ్, నేను."

బీకరు బాబాయ్ అంటే అక్కడి ల్యాబ్ అసిస్టెంటు. ముప్ఫై ఏళ్ళుగా బీకర్లు కడుగుతూ, చిట్లినవాటిని కూడా పారేయనివ్వకుండా కాపలా కాసే పెద్దమనిషి. ఆయన చేతిలో బీకరు తుడుస్తూ, ఎటో చూస్తూ అన్నాడు.

"ఈ డిపార్ట్‌మెంట్‌లో లెక్క ఒకటి ఎక్కువే వస్తుంది బాబూ. అలవాటైపోతుంది."

"నాకు అలవాటు కాదు బాబాయ్. నా ఉద్యోగమే అది."

పంతం పట్టాడు. ల్యాబు తనిఖీలో నూటికి ఎన్ని గింజలు మొలుస్తాయో చూసే మొలక పరీక్ష ఈసారి తనే పెడతానన్నాడు. నూరు గుంటలున్న చెక్క పలక మీద పెసలు పోసి, గుంటకి ఒకటి చొప్పున సర్ది, మిగిలినవి దులిపేశాడు. నూరే నూరు. వాటిని తడి కాగితం మీద పరిచి, చుట్టి, చుట్టకి సీలు వేసి, సీలు మీద సంతకం పెట్టి అలమారాలో ఉంచాడు.

"తాళం కూడా వేస్తారా?" అందామె.

"వేస్తా."

"పెసలకి కాళ్ళొచ్చి పారిపోతాయనా?"

"మీ దగ్గర ఏమైనా రావచ్చు."

ఆమె పకపకా నవ్వింది. తుప్పు వాసనలో, చీకటి ల్యాబులో ఆ నవ్వు వింటే అతనికి ప్రాణం లేచొచ్చింది. అప్పటిదాకా బిగబట్టిన పంతం సగం సడలిపోయింది. పైకి మాత్రం మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు.

రెండో రోజు పిల్లల అభిప్రాయ పత్రాలు. టీచరు ఎలా చెబుతున్నారో పదికి మార్కులు వేసి, పేరు రాయకుండా ఇవ్వాలి. దొంగ కాగితాలు కలవకుండా ప్రతి పత్రం మీద అతను ముందే పొడి సంతకం పెట్టాడు. పదకొండు పెట్టాడు, పదకొండు పంచాడు, తలుపు దగ్గర నిలబడి వెనక్కి తీసుకున్నాడు.

గదికెళ్ళి బల్ల మీద పరిస్తే పన్నెండున్నాయి.

పన్నెండో కాగితం మీద కూడా అతని సంతకమే ఉంది. అతని కలమే, అతని వంపే. ఆ సంతకం తను పెట్టలేదని అతనికి తెలుసు. మార్కుల గడిలో తొమ్మిది. కింద సూచనల దగ్గర పాతకాలపు గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది.

'గొంతు బాగా పలుకుతోంది. బోర్డు మీద రాత ఇంకా ఎడమకి ఒరుగుతోంది. మధ్యాహ్నం భోజనం మానేయకు.'

కాగితం పట్టుకుని వానలోనే పరిగెత్తాడు. ఆమె స్టాఫ్ రూములో ఒక్కతే పిల్లల రికార్డులు దిద్దుతోంది. కాగితం చూసిందో లేదో, స్టూలు మీద అలాగే కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఎవరు రాశారు?" అన్నాడు. ఈసారి నిలదీసినట్టు లేదు గొంతు.

"నాన్న."

"ఆయన ఇక్కడేనా పనిచేసేది?"

"ఈ శాఖ పెట్టిందే ఆయన. రిటైరయ్యాక ఇంట్లో ఊరుకోలేదు. రోజూ వచ్చి నా క్లాసులో చివరి బెంచీలో కూర్చునేవారు, లవంగం నములుతూ. క్లాసు అయ్యాక మార్కులేసేవారు. ఎంత బాగా చెప్పినా తొమ్మిదే. పది వెయ్యి నాన్నా అంటే, ఆ ఒక్కటీ రేపటికి ఉంచుకో తల్లీ, అనేవారు." కాగితాన్ని అరచేత్తో నిమిరింది. "పోయి రెండేళ్ళయింది."

అతను ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మీకు భయం వేయదా?" అన్నాడు.

"క్లాసులో నేనెప్పుడూ తలలు లెక్కపెట్టను. పేర్లు పిలుస్తా, అంతే. లెక్కపెడితే ఒకటి ఎక్కువొస్తుందని మొదట్లో భయం. ఇప్పుడు, ఏదో ఒక రోజు ఎక్కువ రాదేమోనని భయం."

అతను లేచి బీకరు బాబాయ్‌ని కేకేసి, మేడంకి భోజనం తెమ్మన్నాడు.

"నేను తిన్నానండీ," అంది.

"అబద్ధం. రాసుంది ఇక్కడ."

కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

మూడో రోజు పొద్దున్నే అతను, ఆమె, బీకరు బాబాయ్ కలిసి అలమారా తాళం తీశారు. సీలు సీలులాగే ఉంది, సంతకం చెక్కుచెదరలేదు. తడి కాగితం విప్పితే తెల్లటి మొలకలు వరసగా పడుకున్నాయి. అతనూ ఆమే చెరో పక్క నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చారు. మధ్యలో వేళ్ళు తగిలాయి. ఇద్దరూ ఒకేసారి చేతులు వెనక్కి తీసుకున్నారు. బీకరు బాబాయ్ పైకప్పు కేసి చూశాడు.

"నాకు యాభై," అన్నాడతను.

"నాకు యాభై ఒకటి."

పక్కలు మారి మళ్ళీ లెక్కపెట్టారు. నూట ఒకటి. నూరు గుంటల పలక మీద నూట ఒకటో గింజకి చోటే లేదు.

"కొసరు గింజ," అందామె మెల్లగా. "నాన్న అలవాటు. నూరు పరీక్షకి పెట్టి, అంచున ఒకటి కొసరుగా పెట్టేవారు. ఎందుకు నాన్నా అంటే, లెక్కకి రానిది కూడా ఒకటి బతకాలిగా అనేవారు."

అతను చేతులు తుడుచుకుని ఫైలు తెరిచాడు. విద్యార్థుల సంఖ్య అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది.

"నేను కళ్ళతో చూసిన లెక్క పన్నెండు. పత్రాలు పన్నెండొచ్చాయి. పన్నెండని రాస్తాను. నేనెంత రాస్తే కమిటీ అంతకే సంతకం పెడుతుంది. మీ శాఖ బతుకుతుంది."

ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది. అతను చూశాడు. ఆ వెలుగుని ఆమె తనే ఆర్పేసుకోవడం కూడా చూశాడు.

"వద్దండీ."

"ఎందుకు? కోర్సు పోతుంది. మీ నాన్నగారు కట్టింది పోతుంది. మిమ్మల్ని ఎక్కడికి బదిలీ చేస్తారో కూడా తెలీదు."

"తెలుసు. రాత్రంతా అదే ఆలోచించా. కానీ కొసరు లెక్కలోకి రాదండీ. కొసరుని కూడా తూకంలో కలిపేస్తే అది వ్యాపారం. నాన్న ప్రేమకొద్దీ వస్తున్నారు. ఆయన్ని హాజరుపట్టీలో ఎక్కించి ఉద్యోగం నిలబెట్టుకోమంటారా? రిజిస్టర్లో ఎంతుంది?"

"పదకొండు."

"అదే రాయండి."

ఆరేళ్ళలో అతను ఎన్ని శాఖలు చూశాడో! లేని ల్యాబులు, అద్దెకి తెచ్చిన పుస్తకాలు. ముక్కు మీద సుద్దతో నిలబడి, తన కాళ్ళ కింద నేలని తనే తవ్వుకుంటూ నిజం రాయమన్న మనిషి ఈమె ఒక్కతే. అప్పుడే, అక్కడే, ఆ నూట ఒక్క మొలకల ముందే అతను ప్రేమలో పడ్డాడు. పడ్డానని తెలిసే పడ్డాడు. పదకొండు అని రాశాడు.

కమిటీ పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని సంతకం పెట్టేశాడు. నెలాఖరులోగా పన్నెండో విద్యార్థి చేరకపోతే కోర్సు రద్దు. ఏడాది మధ్యలో ఎవరు చేరతారు?

వెళ్ళేటప్పుడు ఆమె గేటు దాకా గొడుగు పట్టింది. ఇద్దరికీ చాలని గొడుగు. అతని కుడి భుజం, ఆమె ఎడమ భుజం తడిసిపోయాయి.

"మీరు బాగా లెక్కపెడతారు," అంది.

"మీరు బాగా చెబుతారు. తొమ్మిది వేయొచ్చు."

ఆమె తలొంచుకుంది. బస్సొచ్చింది.

బస్సులో కూర్చున్నాడే గానీ ప్రాణం అక్కడే ఉండిపోయింది. ఏం చేయాలో తోచక నిబంధనల పుస్తకం తీశాడు. అందరూ కథలు చదివినట్టు అతను నిబంధనలు చదువుతాడు. చిట్టచివర, చీమ తలంత అక్షరాల్లో ఒక వాక్యం కనబడింది. ఉద్యోగంలో ఉన్నవారికి ప్రతి పీజీలో ఒక సీటు. ఏడాదిలో ఏ నెలైనా చేరవచ్చు. వ్యవసాయ డిగ్రీ ఉండాలి.

అతనికి ఉంది. వెంటనే అమ్మకి ఫోన్ చేశాడు.

"అమ్మా, కమిటీ నుంచి తప్పుకుంటున్నా. ఆఫీసులో చదువు సెలవు అడుగుతున్నా. మళ్ళీ చదువుకుంటా."

"ముప్ఫై ఏళ్ళొచ్చాక బళ్ళో కూర్చుంటావా? బుర్రగానీ తిరిగిందా నీకు?"

"తిరిగిందమ్మా."

"ఎవర్రా ఆ పిల్ల?"

"టీచరు."

"ఓరి నీ అసాధ్యం కూలా! పిల్ల మంచిదేనా?"

"తనకి నష్టమని తెలిసి కూడా అబద్ధం రాయనివ్వలేదమ్మా."

"అయితే వెళ్ళి బుద్ధిగా చదువుకో. ఫెయిలైతే మాత్రం ఆ పిల్ల ముందు నా పరువు పోతుంది."

నెలాఖరు రోజు మళ్ళీ అదే ముసురు. ఈసారి అతను ముందు తలుపు తట్టాడు. ఆమె బోర్డు నుంచి తిరిగి, అతని చేతిలో ఉన్న అడ్మిషన్ కాగితం చూసి, అతన్ని చూసి, వరండాలోకి వచ్చింది.

"ఇదేంటి? మీ ఉద్యోగం?"

"సెలవిచ్చారు. కమిటీ వదిలేశా. ఫీజు కట్టేశా. నిబంధన ప్రకారమే అంతా, కావాలంటే చూసుకోండి." కాగితం ఆమె చేతికిచ్చాడు. "ఇంకోటి కూడా ఉంది. మీరంటే నాకు చాలా ఇష్టం. అది చెప్పకుండా వెళ్ళి సీట్లో కూర్చుంటే అదీ దొంగలెక్కే."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"మీ పేపర్లు నేను దిద్దను. బయటివాళ్ళతో దిద్దిస్తా."

"దిద్దించాలి."

"రెండేళ్ళ కోర్సు. అప్పటిదాకా నేను టీచర్ని, మీరు స్టూడెంటు. ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు."

"కొన్ని గింజలు మొలకెత్తడానికి టైం పడుతుందని మీ పుస్తకంలోనే ఉందిగా."

"చదివేశారా అప్పుడే?" నవ్వు దాచుకోలేక గబగబా లోపలికెళ్ళిపోయింది. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "ఆ గింజలు కుళ్ళిపోవు. చాలాకాలం ఆగుతాయి. నేనూ ఆగుతా."

ఖాళీ ఉన్నది చివరి బెంచీ ఒక్కటే. అతను వెళ్ళి మూలన కూర్చున్నాడు. ఆమె పేర్లన్నీ పిలిచింది. చివర్న అతని పేరు పిలిచింది. తర్వాత, ఇన్నాళ్ళూ చేయని పని చేసింది. సుద్దముక్క గుప్పిట్లో బిగించి, ఒక్కొక్క తలా చూస్తూ లెక్కపెట్టింది.

"పన్నెండు," అంది. అతను కూడా వెనక నుంచి లెక్కపెట్టాడు. తన ముందు పదకొండు, తనతో పన్నెండు. ఒకటి ఎక్కువ రాలేదు.

ఒక నిమిషం కిటికీ కేసి చూసి, ఆమె పాఠం మొదలుపెట్టింది. ఆ రోజు ఎంత బాగా చెప్పిందంటే గంట కొట్టినా ఎవరూ లేవలేదు. పిల్లలంతా వెళ్ళాక బోర్డు తుడుస్తూ, అతని వైపు చూడకుండా అడిగింది.

"ఎన్ని?"

"తొమ్మిది."

చేతిలో డస్టరు ఆగిపోయింది. "ఆ ఒక్కటీ?"

"రేపటికి ఉంచుకోండి. రేపూ వస్తాగా."

ఆమె బోర్డు కేసే తిరిగి నవ్వుతోందో ఏడుస్తోందో, భుజాలు మాత్రం కదులుతున్నాయి. అతను లేవకుండా అలాగే కూర్చున్నాడు. వాన చలికి గదంతా వణుకుతోంది. ఇందాక తను కూర్చోబోయే ముందు చేయి ఆన్చినప్పుడు మాత్రం ఆ చెక్క బెంచీ వెచ్చగా ఉంది, అంతసేపూ ఎవరో అక్కడ కూర్చుని అప్పుడే లేచినట్టు. లవంగం వాసన కిటికీ దాకా వెళ్ళి సన్నగిల్లిపోయింది.