సాకు అనే పేరు

నారాయణఖేడ్ నుంచి కల్హేర్ పోయే రోడ్డు పక్కన, పాత కోళ్లఫారం ముందు రేవణసిద్ధ బైక్ ఆపాడు. జూలై మొదటి వారం. వాన పడుతోంది. అతను ఆగింది వానకు కాదు. లోపల ఒక అమ్మాయి గిన్నె మీద గరిటెతో కొడుతూ అరుస్తోంది.

"సాకూ! సాకూ! దా, తిను! సాకూ!"

అతను గేటు దగ్గరికి వెళ్లాడు.

"ఓ అక్కా, గదేం మాట? బువ్వ పెడుతవు, సాకు సాకు అంటవు. కుక్క ఎట్ల తింటది?"

ఆమె వెనక్కి తిరిగింది.

"పేరన్నా అది. ఎవలన్న వచ్చి సాకుతరని పెట్టిన. నీకేం తకలీఫ్?"

"మా ఇంట్ల సాకు అంటే ఇగ చాలని. కన్నడం."

"గిది నారాయణఖేడ్ అన్నా. బీదర్ గాదు."

"నాకెర్కే. బస్సు డిపోల మెకానిక్‌ను. తెలుగు, కన్నడం రెండు బోర్డులూ చదవనొస్తది."

"అయితే గీ బోర్డు గూడ చదువు."

ఆమె గరిటెతో గేటు మీది రేకు చూపించింది. 'కుక్కను పెంచుకునేవారికి మాత్రమే ప్రవేశం' అని ఉంది. అతను చదివాడు. గేటు తీసుకుని లోపలికి వచ్చాడు.

ఆమె పేరు గ్లోరీ. తండ్రి దేవానందం పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా రిటైరై, ఈ ఫారంలో దిక్కులేని కుక్కలను చేరదీశాడు. ఏడాది కిందట చనిపోయాడు. మెదక్ హాస్టల్‌లో చదువుకున్న గ్లోరీకి కన్నడం రాదు.

కుక్క దాణా డ్రమ్ముల వెనక ఉంది. ఆడది, గోధుమరంగు. మెడ చుట్టూ తాడు ఒరిసిన చోట వెంట్రుకలు లేవు. మార్చిలో బీదర్ రోడ్డు మీద కిలోమీటరు రాయికి కట్టేసి ఉంటే గ్లోరీ విప్పి తెచ్చింది. గిన్నె పెట్టి పేరు పిలిస్తే ఇంకా వెనక్కి పోతుంది. మనుషులు వెళ్లిపోయాక తింటుంది.

రేవణ గొంతుక్కూర్చుని, కన్నడంలో రమ్మని, తినమని పిలిచాడు.

"బా," అన్నాడు. "బా. తిన్ను."

కుక్క చెవి లేచింది. తోక ఒకసారి నేల మీద కదిలింది. ముందు కాలు ఒకటి బయటికి వచ్చి, మళ్లీ వెనక్కి పోయింది.

గ్లోరీ దాణా బస్తా మీద కూర్చుంది.

"అంటే, నాలుగు నెలల సంది గిన్నె ముందర పెట్టి చాలు చాలు అంటున్ననా?"

కొట్లాటకు వచ్చిన రేవణ గిన్నెను మెల్లగా డ్రమ్ముల వైపు జరిపాడు.

"నీకెర్క లేదు గద."

"నాకెర్క లేదని దానికెట్ల ఎర్క?"

మరుసటి రోజు డ్యూటీ అయ్యాక మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు. కుక్కకు వీపు పెట్టి కూర్చోమని గ్లోరీ చెప్పింది.

"దాని కండ్లలకు చూడకు. భయపడ్తది."

"నీ కండ్లలకు?"

"నేను భయపడ. ఇగ అటు తిరుగు."

ఐదో రోజు నుంచి ఆమె 'అన్నా' అనడం మానేసింది. అతను ఏడో రోజు గమనించాడు. ఆ రోజు నుంచి 'అక్కా' అనలేదు. కుక్కకు పేరు లేకుండా పోయింది. ఇద్దరూ 'బా' అనే పిలిచారు. గ్లోరీ పలికితే అది మేక అరుపులా ఉందని రేవణ అన్నాడు. ఆమె అతని మీదికి నీళ్ల మగ్గు విసిరింది. కుక్క డ్రమ్ముల వెనక్కి పారిపోయింది. బయటికి రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఇద్దరూ సైగలతోనే మాట్లాడుకున్నారు.

గోడ మీద దేవానందం సుద్దతో రాసిన మాట ఒకటి ఉంది: 'కుక్క తనంతట తాను ఎవరి చేతి దగ్గరికి వస్తే వారికే ఇవ్వాలి.' సెప్టెంబరు ఆఖరుకు ఫారం ఖాళీ చేయమని యజమాని చెప్పాడు. పద్నాలుగు కుక్కల్లో పదమూడు పొలాలకు, ఇళ్లకు వెళ్లాయి. ఇది మిగిలింది. గ్లోరీకి సంగారెడ్డిలో పశువుల క్లినిక్‌లో ఉద్యోగం దొరికింది. తల్లి ఆనందమ్మతో అద్దె గదిలో ఉండాలి. అక్కడ కుక్కను రానివ్వరు.

"ఎవల చేతికీ రాకుంటే?" అని రేవణ అడిగాడు.

"ఇంత దూరం తెచ్చి మల్ల గా రాయి కాడ విడిచిపెట్టాలె," అని ఆమె అన్నది.

ఒక ఆదివారం అతను పొద్దున్నే వచ్చాడు.

"ఇయ్యాల డ్యూటీ లేదంటివి. మల్ల ఎందుకొచ్చినవ్?"

"కుక్కను చూడనికి."

"గదొక సాకు," అని నవ్వింది.

అతను నవ్వలేదు. లేచి గేటు దాకా వెళ్లాడు. గ్లోరీ వెనకాలే పరుగెత్తింది.

"ఏందయ్యా, మజాక్ చేసిన. గింతకే కోపమా?"

"కోపం గాదు. మా అమ్మ ఆఖరి మాట అది."

గేటు పట్టుకుని చెప్పాడు. తల్లి నీలాంబిక కిందటి అక్టోబరులో దవాఖానలో ఉంది. అతను చెంచాతో గంజి పట్టాడు. మూడో చెంచాకు ఆమె 'సాకు' అన్నది. గిన్నె పక్కన పెట్టాడు. తెల్లారేసరికి ఆమె లేదు.

"ఇంకొక్క చెంచా బతిమిలాడి పెట్టేదుండె. చాలంటే చాలని ఊకున్న. ఇంట్ల గా భాష మాట్లాడనికి ఇంకెవలు లేరు. గీ కుక్కతోనే మాట్లాడుతున్న."

"మా నాయన పోయినంక నేను గూడ కుక్కలతోనే," అన్నది గ్లోరీ.

సెప్టెంబరు ఇరవై మూడు. రేకుల మీద వాన. రేవణ కుక్కకు వీపు పెట్టి కూర్చుని, చెయ్యి వెనక్కి చాచాడు. అరచేతిలో జొన్నరొట్టె ముక్క ఉంది.

"బా," అన్నాడు.

కుక్క వచ్చింది. రొట్టె తీసుకుంది. తిన్నాక వెనక్కి పోలేదు. ముక్కు అతని అరచేతిలో పెట్టింది. అతను తిరిగి చూడలేదు. గ్లోరీ వైపు చూశాడు. ఆమె గోడ వైపు తిరిగి ఉంది.

గోడ మీది మాట ప్రకారం కుక్క అతనిదయింది. ఇక రోజూ రావలసిన పని లేదు.

ఇరవై తొమ్మిదిన గ్లోరీ, ఆనందమ్మ సంగారెడ్డి బస్సు ఎక్కారు. రేవణ డిపో బట్టల్లో కిటికీ కింద నిలబడ్డాడు.

"గీ బస్సు బ్రేకులు నువ్వే చూసినవా?" అని గ్లోరీ అడిగింది.

"చూసిన. మంచిగున్నయ్."

"మంచిగనే ఉండాల్నా?"

కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు కదిలింది.

రేవణ ఇంట్లో కుక్క నీలాంబిక మంచం కింద చేరింది. సాయంత్రం గ్లోరీ ఫోన్ చేసేది.

"బయటికొచ్చిందా?"

"మంచం కిందనే."

మర్నాడు: "ఇయ్యాల?"

"మంచం కిందనే. తోక బయటికుంది."

"నువ్వెట్లున్నవ్?"

"నేను మంచం మీద."

ఆమె నవ్వేది. తర్వాత అతను ఒక కన్నడ మాట చెబితే ఆమె పలికేది. ఫోన్ ఎవరూ పెట్టేసేవారు కాదు.

అమ్మ పోయి ఏడాది అయిన రోజున అతను కుక్క గురించి కూడా చెప్పలేకపోయాడు. గ్లోరీ అడగలేదు. ఫోన్ మాత్రం పెట్టలేదు.

నవంబరులో ఒక ఆదివారం, చర్చి అయ్యాక బయలుదేరి, ఆమె అతని గుమ్మం ముందు నిలబడింది. చేతిలో స్టీలు డబ్బా ఉంది.

"ఇంట్ల ఏమని చెప్పొచ్చినవ్?"

"కుక్కను చూసొస్త అన్న."

"మీ అమ్మ ఏమన్నది?"

"గదొక సాకు అన్నది. మల్ల తనే డబ్బా కట్టిచ్చింది. నీకు."

రేవణ డబ్బా రెండు చేతులతో తీసుకున్నాడు. ఈసారి ఆ మాటకు గేటు దాకా వెళ్లలేదు.

రొట్టెలు అతనే చేశాడు. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. కుక్క గిన్నె మంచం అంచున ఉంది. అది తల బయట పెట్టి తింటోంది. రెండు రొట్టెలయ్యాక మూడోది తెచ్చాడు. గ్లోరీ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"సాకు," అన్నది.

తెలుగు సాకు కాదు. ఫోన్‌లో అతని దగ్గర నేర్చుకున్నది. ఆ ఇంట్లో ఆ మాట వినిపించి ఏడాది దాటింది.

కుక్క చెవులు లేచాయి. గిన్నెలోంచి మూతి తీయలేదు.

రేవణ రొట్టె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"ఇంకొక్కటి," అన్నాడు. వంగి రొట్టె ఆమె కంచం దగ్గరికి తెచ్చాడు. మళ్లీ అన్నాడు.

"ఇంకొక్కటి, గ్లోరీ."

ఆమె చెయ్యి తీసింది.