కడుగునీళ్ల బకెట్

సత్యం పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి, వెనకదొడ్లో కరివేపాకు మొక్క పక్కనున్న బకెట్‌లో పోశాడు. అవి పులిస్తే గానీ మొక్కకి బలం పట్టదని ఆయన నమ్మకం. అమెరికాలో వాళ్లుండే ప్లేనో ఊరు మొత్తంలో ఇంత గుబురు కరివేపాకు ఇంకెవరింట్లోనూ లేదని ఇండియన్ స్టోర్‌లో నిలబడి గొప్పలు పోయేవాడు.

"మావయ్యగారూ, దానిమీద మూతైనా పెట్టండి. దోమలు గుడ్లు పెడతాయి" అంది కోడలు గీతాంజలి, కారు తాళాలు తీసుకుంటూ.

"నీ చదువు నీ ల్యాబ్‌లో చూపించుకోమ్మా. మొక్కలు పెంచడం నాకు నేర్పకు."

ఆమె పనిచేసేది ఆస్పత్రి ల్యాబ్‌లో. మెదడు పొరలు వాచిన రోగుల వెన్నులోంచి తీసిన నీటిలో ఏ వైరస్ ఉందో కనిపెట్టడం ఆమె పని. చిన్నప్పుడే బడి మానేసిన సత్యానికి ఆ ఉద్యోగం తలుచుకుంటేనే ఒళ్లు మండేది. సాయంత్రం ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే "చేతులు కడుక్కున్నావా?" అని పనిమనిషిని అడిగినట్టు అడిగేవాడు.

ఆ వారమే ఆయన భార్య అనురాధకి జ్వరం ముంచుకొచ్చింది. వాంతులు, తల పగిలే నొప్పి, మెడ వంచలేకపోయింది. ఆస్పత్రిలో మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు అన్నారు. ఆ మాట వినగానే సత్యం వరండాలోనే కోడలి మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వే తెచ్చావు! ఆ రోగాలన్నీ పిసికిన చేతుల్తోనే దానికి అన్నం పెట్టావు!"

"అలా రాదు మావయ్యగారూ. మేం గ్లవ్స్ లేకుండా..."

"నోర్ముయ్! కడుపున ఒక కాయ కాయలేదు గానీ, ఇంటికి రోగం మాత్రం మోసుకొచ్చావు."

గీతాంజలి మొహం పాలిపోయింది. మొగుడి వైపు చూసింది. అవినాష్ ఫోన్‌లోంచి తలెత్తి, "మెల్లగా నాన్నా, అందరూ చూస్తున్నారు" అన్నాడు. తర్వాత ఆమెతో, "కొన్నాళ్లు హోటల్లో ఉండు గీతా. నాన్నకి బీపీ" అన్నాడు. ఆమె కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయింది.

మొదట చేసిన టెస్టుల్లో ఏమీ తేలలేదు. చివరికి డాక్టర్ చెప్పింది అవినాష్ తండ్రికి తెలుగులో చెప్పాడు.

"వెస్ట్ నైల్ వైరస్ అట నాన్నా. దోమకాటుతో వస్తుందట. పక్కనున్నవాళ్లకి అంటదట."

"దోమా?"

"దానికీ టెస్ట్ చేయమని గీతే డాక్టర్‌కి ఫోన్ చేసిందట. ఇంటి వెనక నీళ్లు నిలవుంటాయని చెప్పిందట."

సత్యం ఇంటికెళ్లి బకెట్‌లోకి వంగి చూశాడు. కుళ్లిన నీళ్ల నిండా పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. బకెట్‌ని ఎగిరి తన్నాడు.

ఆస్పత్రికి తిరిగొచ్చేసరికి అనురాధ మంచం పక్కన గీతాంజలి కూర్చుని ఉంది. అనురాధకి మెలకువ వచ్చింది గానీ కుడిచెయ్యి లేవడం లేదు. గీతాంజలి పెరుగన్నం మెత్తగా కలిపి ఆమె నోట్లో పెడుతోంది. ఆ చేతుల్తోనే.

"అమ్మా గీతా... ఆ బకెట్ వల్లే..." అన్నాడు సత్యం, గడప దాటలేక.

"ఏ దోమ కుట్టిందో ఎవరు చెప్పగలరు? నేనైతే ఆ మాట అనను" అంది గీతాంజలి, తల తిప్పకుండా.

తిట్టినా బాగుండేది. ఆయన గడప దాటి లోపలికొచ్చాడు. "నేనూ ఒక ముద్ద పెట్టనా?"

గీతాంజలి అప్పుడు చూసింది ఆయన వైపు. గిన్నె ఆయన వైపు జరిపింది.

"చేతులు కడుక్కుని రండి మావయ్యగారూ."

సత్యం కుళాయి తిప్పి వేళ్లు రుద్దుతూనే ఉండిపోయాడు. కళ్లనిండా నీళ్లు. చేతులు శుభ్రమయ్యాయో లేదో ఆయనకి కనిపించలేదు.