దొర కాళ్ళ మట్టి

ఇంట్లో అందరూ ఆమెను తుఫాను అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది అక్క. ఒకరోజు ఆఫీసులో మేనేజరును నలుగురిలో నిలబెట్టి కడిగేసి, ఉద్యోగం వాడి బల్ల మీదే పారేసి ఇంటికొచ్చింది తుఫాను. డబ్బు తీసుకుని వాళ్ళ వాళ్ళ కుక్కల్ని షికారు తిప్పే వ్యాపారం పెడతానంది.

"ఇంత చదివించింది కుక్కల వెనక తిరగడానికా?" అన్నాడు తండ్రి.

"మనుషుల వెనక తిరిగి చూశాను నాన్నా. కుక్కలే నయం. కరిచేముందు మొరుగుతాయి."

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వుతోనే ఆమె చెల్లెలి పక్షం చేరిపోయింది. తన ఇంట్లో ఒక గది ఇచ్చింది. ఆర్నెల్లలో నిలదొక్కుకోకపోతే తండ్రి చెప్పిన ఉద్యోగంలో నోరు మూసుకుని చేరాలని ఒప్పందం. అక్కది ఇంకొక్కటే షరతు. వీధిలో మట్టి ఇంట్లోకి రాకూడదు. రోజూ చెల్లెలు వచ్చేసరికి తడిగుడ్డ పట్టుకుని గుమ్మంలో కాపు కాసేది. "చూపించు కాళ్ళు. నీకూ నీ కుక్కలకీ తేడా లేకుండా పోయింది."

అయిదు నెలలు గడిచాయి. ఆరు కుక్కలు కుదిరాయి, ఆరూ ఒకే నాలుగంతస్తుల భవనంలో. ఆరిళ్ళ తాళాలు ఒకే గుత్తిలో వేసి ఆమె చేతికిచ్చారు జనం. అలాంటి నమ్మకం ఎంత తేలిగ్గా వస్తుందో అంత తేలిగ్గా పోతుంది. ఆ భవనం వాళ్ళకు ఫోన్లలో ఒక గ్రూపుంది. అందులో ఒక్క చెడ్డమాట పడితే ఆరిళ్ళూ ఒక్క పూటలో జారిపోతాయి.

అయిదు కుక్కలు కుర్రవి. వదిలితే గాలిని కూడా కరుస్తాయి. ఆరోది దొర. నాలుగో అంతస్తులో టైలర్ మామ్మ కుక్క. ముసలిది. వెనక కాలొకటి పడిపోయింది. మూడు కాళ్ళ గోళ్ళు నేలకు తగిలేవి, నాలుగోది ఈడ్చుకుపోయేది. టక్, టక్, టక్... స్స్. మామ్మకేమో మోకాళ్ళు లేవవు, మెట్లు దిగి ఏళ్ళయింది. "నా బదులు కూడా వాడే తిరిగొస్తాడే అమ్మాయ్" అనేది.

దొర ఒక అడుగు వేసేలోపు మిగతా అయిదూ పట్టీలు మెలేసుకుని తుఫాను భుజాలు ఊడపీకేవి. వారం ఓర్చుకుంది. రెండో వారం ఒక ఉపాయం కనిపెట్టింది.

కింద మెట్ల వెనక కరెంటు మీటర్ల గది ఉంది. బయట గడియ, లోపల చీకటి. దొరను అక్కడ నీళ్ళగొట్టానికి రెండు ముళ్ళు వేసి కట్టేసేది. గంట సేపు అయిదింటినీ తిప్పుకొచ్చి, సీసాలో నీళ్ళు దొర కాళ్ళ మీద పోసి, పక్క స్థలంలోంచి గుప్పెడు ఎర్రమట్టి తెచ్చి వేళ్ళ సందుల్లో బాగా రుద్దేది. తర్వాత పైకి తీసుకెళ్ళేది.

మామ్మ తువ్వాలు ఒళ్ళో వేసుకుని ఒక్కో కాలూ తుడుస్తూ మురిసిపోయేది. "ఎక్కడిదాకా పోయారే ఇవాళ?"

"చాలా దూరం పోయాం మామ్మగారూ."

దొర తలెత్తి తుఫాను వంక చూసేది. ఆమె చూపు తిప్పుకునేది కాదు. కుక్క సాక్ష్యం ఎక్కడ చెల్లుతుంది?

ఆ సాయంత్రం మబ్బు పట్టి, ఆరున్నరకే చీకటి పడింది. అయిదు కుక్కల్నీ ఇళ్ళకు చేర్చి తుఫాను మీటర్ల గది గడియ తీసింది. లోపల్నుంచి కాలిన తీగల వాసన, తడి సిమెంటు వాసన... వాటి కింద ఇంకేదో.

"దొరా, పద."

గోళ్ళ చప్పుడు లేదు.

ఫోను వెలుగు వేసింది. పట్టీ గొట్టం చుట్టూ చుట్టుకుని, చుట్టుకుని, జానెడు మిగిలింది. ఆ జానెడు చివర దొర వేలాడుతోంది. తలుపు అడుగున చెక్క తెల్లగా లేచిపోయి ఉంది. గోళ్ళతో గీకినంత మేరా.

తుఫాను ఏడవలేదు. ఆమెకు ముందు గుర్తొచ్చింది గ్రూపు. ఆ తర్వాత ఆర్నెల్ల గడువు. ఆ రెండింటి తర్వాతే దొర గుర్తొచ్చింది.

పక్క స్థలంలో కొత్త ఇంటికి పునాది గోతులు తవ్వి ఉన్నాయి. పొద్దున్నే కాంక్రీటు పోస్తారు. మెడపట్టీ విప్పి, దొరను తన వానకోటులో చుట్టి, ఒక గోతిలోకి జార్చింది. కాళ్ళతో మట్టి తోసింది. తోస్తుంటే కోటు కొంచెం కదిలినట్టనిపించింది. ఒక్క క్షణం ఆగింది.

ఇంకొంచెం మట్టి తోసింది.

మెట్లెక్కుతూ అబద్ధం సిద్ధం చేసుకుంది. మెడపట్టీ జారిపోయింది మామ్మగారూ, రోడ్డు మీద పరిగెత్తాడు, ఎంత వెతికినా దొరకలేదు. రుజువుగా పట్టీ చేతిలో ఉంది. ఏడుపు కూడా గొంతులో అమర్చుకుని బెల్లు కొట్టింది.

"తలుపు తీసే ఉందే అమ్మాయ్."

గదిలో కుట్టుమిషను మీద చిన్న దీపం మాత్రం వెలుగుతోంది. మామ్మ కుర్చీలో కూర్చుని, బల్ల కిందకి వంగి దేన్నో తుడుస్తోంది.

"మామ్మగారూ... దొర..."

"వాడొచ్చి పావుగంటయింది. నువ్వేంటి, ఉత్త పట్టీ పట్టుకొచ్చావు?"

గుమ్మం నుంచి బల్ల దాకా ఎర్రటి అడుగులు. మూడు అడుగులు, ఒక గీత. మూడు అడుగులు, ఒక గీత.

"ఇవాళ మరీ దూరం తిప్పావే" అంది మామ్మ తువ్వాలు పిండుతూ. ఎర్రనీళ్ళు కారాయి. "కాళ్ళకే కాదు... చెవుల్లో కూడా మట్టి. నోటినిండా మట్టి. ఎంత తీసినా వస్తూనే ఉంది."

బల్ల కింద చీకట్లో ఏదో నీళ్ళు తాగుతోంది. లప్... లప్... లప్...

"ఒళ్ళంతా చల్లబడిపోయింది పాపం" అంది మామ్మ. "రేపు కూడా ఇలాగే తిప్పవే. వాడికి నచ్చింది. నిన్నే చూస్తున్నాడు."

తుఫాను వంగి చూడలేదు. వెనక్కి నడిచింది. మెట్లు దిగింది. మూడో అంతస్తు. రెండు. పైన తలుపు కిర్రుమంది.

టక్, టక్, టక్... స్స్.

ఆమె ఆగితే అదీ ఆగింది. దిగితే అదీ దిగింది. తొందరేం లేదు దానికి. ఎప్పుడూ లేదు.

వీధి గుమ్మం దాకా వచ్చేసరికి నడుము తడుముకుంది. తాళాల గుత్తి లేదు. ఇందాక మీటర్ల గదిలో మేకుకు తగిలించి మరిచిపోయింది. ఆరిళ్ళ తాళాలు. అవి పోతే, దొర పోయినా పోకపోయినా, పొద్దున గ్రూపులో తన పేరే. మెట్ల మీద చప్పుడు ఇంకా మొదటి అంతస్తులోనే ఉంది. ఒక్క అంగలో గదిలోకి వెళ్ళి గుత్తి అందుకుంది.

తలుపు మూసుకుంది.

బయట గడియ పడింది. మెల్లగా... నిదానంగా... అలవాటున్న చేయి వేసినట్టు.

"ఎవరది? తలుపు తియ్యండి."

తోసింది. గుద్దింది. కాళ్ళ మీద చల్లగా నీళ్ళు పడ్డాయి. కొంచెం కొంచెంగా, సీసాలోంచి వంచినట్టు. కాలివేళ్ళ సందుల్లో ఎవరో మట్టి రుద్దుతున్నారు. శ్రద్ధగా. ఒక్కో వేలూ.

చేతిలో పట్టీ లేదు. మెడకేదో బిగుసుకుంది. తడిమింది. తోలు. దాన్ని పట్టుకుని వెళితే గొట్టం, గొట్టం మీద రెండు ముళ్ళు.

ఫోను తీసి అక్క నంబరు నొక్కింది.

"హలో" అంది అక్క. వెనక నీళ్ళ చప్పుడు. "ఎవరండీ? ఈ ఫోను మా చెల్లిది. ఎక్కడ దొరికింది మీకు?"

అక్కా అని అరిచింది. గొంతులోంచి సన్నటి మూలుగొకటి వచ్చింది, అంతే.

"ఎవరూ... మాట్లాడరేం? ఏదో కుక్క మూలుగుతున్నట్టుంది" అని, ఫోను పక్కకు జరిపి ఎవరితోనో అంది అక్క. "నీ ఫోను ఎక్కడో పారేసుకొచ్చావే. కాలు కదపకు, తుడవనీ. ఆ కుంటడమేంటి? ఇంత మట్టి ఎక్కడ తొక్కావు?"

ఫోనులో జవాబు వినిపించింది. స్పష్టంగా. తుఫాను గొంతే.

"చాలా దూరం పోయాం అక్కా."