ఆర్డిత్ నడిపిన ఇంజిన్

ఆ శనివారం పొద్దున ఆర్డిత్ గుడ్లు వేపుతుంటే, ఆమె భర్త వెర్లిన్ కిటికీలోంచి షెడ్డు వైపే చూస్తున్నాడు. కూతురు డార్లా అప్పటికే అక్కడ పనిలో ఉంది. బల్ల మీద ఇంజిన్‌కి మొండెంలాంటి కొత్త బ్లాక్ వెండిలా మెరుస్తోంది. ఒకే అల్యూమినియం దిమ్మను కొన్ని వారాలపాటు యంత్రం మీద తొలిచి, మలిచి ఆమె తయారుచేసిన బ్లాక్ అది.

"గిన్నెలు చేసుకునే లోహం," అని గొణిగాడు వెర్లిన్. "దాంతో పందెం గెలుస్తుందట!"

"గిన్నెలు చేసుకునే లోహంతోనే విమానాలు ఎగురుతున్నాయి. కాఫీ చల్లారుతోంది, తాగు," అంది ఆర్డిత్.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో వాళ్ళ కౌంటీ సంతకి ఏటా డీజిల్ ట్రక్కుల బరువు లాగుడు పందెం జరుగుతుంది. పెళ్ళయిన కొత్తలో, పాడైపోయిన ఓ ధాన్యం లారీ నుంచి ఇనుప బ్లాక్ విప్పి తెచ్చి, వెర్లిన్ తన చేతులతో ఇంజిన్ కట్టాడు. నడిపింది ఆర్డిత్. తలకి ఎర్ర రుమాలు కట్టుకుని, నల్లటి పొగలోంచి నవ్వుతూ దిగేది. ఇప్పటికీ ఎక్కడైనా డీజిల్ వాసన తగిలితే వెర్లిన్‌కి ముందు గుర్తొచ్చేది దుమ్ము కొట్టుకుపోయిన ఆ నవ్వుముఖమే.

నడుం నొప్పని ఆర్డిత్ మానేసిన చాలా ఏళ్ళకు డార్లా ఆ సీట్లో కూర్చుంది. పోయిన వేసవి పందెం మధ్యలో ఆ బ్లాక్ పగిలింది. చలికాలమంతా కూర్చుని వెర్లిన్ ఆ పగులుకి వరసగా ఇనుప మరలు బిగించి అతికించాడు.

డార్లా చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది. "నాన్నా, పాత ఇంజిన్ విప్పుతున్నా. అందులోని క్రాంక్‌షాఫ్ట్, పిస్టన్లు కావాలి."

"దాని మీద చెయ్యి వెయ్యకు. మీ అమ్మ గెలిచిన ఇంజినది. ఒక్కసారి విరిగితే పారేస్తావా? నా మోకాలూ అతికించిందే, నన్నూ పారేయ్!"

"నీ మోకాలి మీద ఎక్కి నేను పందేనికి పోను కదా!"

"నీకు కొత్తవంటే మోజు. ఇనుముకుండే సత్తా దీనికెక్కడిది?"

"మోజా?" డార్లా చేతిగుడ్డని బల్ల మీద పడేసింది. "ఆ రోజు నువ్వు కంచె బయటున్నావు నాన్నా. నేను లోపలున్నా. ఇనుము పగిలితే పెంకులై ఎగురుతుంది. వేడి నూనె కాలి మీద పడుతుంటే సీటు బెల్టు ఊడి రాలేదు. కొత్తది ఓడితే ఓడనీ, పెంకులై మాత్రం ఎగరదు. ఆ ఇనుముతో ఇంక నేను ఎక్కలేను. నాకు భయం."

"మీ అమ్మ ఒక్కనాడైనా భయపడిందా?"

ఆర్డిత్ పొయ్యి కట్టేసింది. "పడ్డాను," అంది.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నా నడుం బాగానే ఉంది వెర్లిన్. ఎప్పుడూ బాగానే ఉంది. డార్లా పుట్టాక ట్రక్కు ఎక్కిన ప్రతిసారీ కాళ్ళు వణికేవి. దిగేటప్పుడు నవ్వేదాన్ని... బతికి దిగానని."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఎట్లా చెప్పను? 'నా పెళ్ళాం కోసం కట్టాను' అని ఊరందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడివి. నీ మురిపెం ఎట్లా పాడుచెయ్యను?"

వెర్లిన్ షెడ్డులోకి వెళ్ళాడు. పాత బ్లాక్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా తను దాచుకున్న ఆ నవ్వు ఇప్పుడు మరోలా కనబడుతుంటే కళ్ళలో నీళ్ళు ఆగలేదు. కాసేపటికి ముఖం తుడుచుకుని, రెంచీ తీసి, తనే మొదటి బోల్టు విప్పాడు.

గుమ్మంలో డార్లా కనిపించింది.

"మెత్తటి లోహం కదా, పిస్టన్లు దాన్ని అరగదియ్యవూ?" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"లోపల ఇనుప గొట్టాలు దించాలి నాన్నా. బ్లాక్‌ని పొయ్యిలో వేడిచేసి, గొట్టాల్ని ఫ్రీజర్లో ముడుచుకునేదాకా చల్లబరిచి, చటుక్కున దించెయ్యాలి. నా ఒక్కదానివల్ల కాదు."

"మీ అమ్మ ఫ్రీజర్లోనా? చంపేస్తుంది!"

"మొక్కజొన్నలు తీసి చోటు చేశాలే," అని వంటింట్లోంచి ఆర్డిత్ కేకేసింది.

మధ్యాహ్నానికి తండ్రీకూతుళ్ళు మందపాటి చేతితొడుగులు వేసుకుని మొదటి గొట్టం పట్టుకున్నారు. అది వేడి బ్లాక్‌లోకి జారి, ఖంగున అడుగుకి తాకింది. "భలే దిగిందే!" అన్నాడు వెర్లిన్, తనకి తెలియకుండానే.

సంత రోజున డార్లాకి రెండో స్థానం వచ్చింది. బ్లాక్ చెక్కుచెదరలేదు. ఎంత దూరం లాగిందో మైకులో చెబుతుంటే వెర్లిన్ వినిపించుకోలేదు. ఆర్డిత్ చెయ్యి పట్టుకుని, కుంటుకుంటూ ట్రక్కు దగ్గరికి నడిచాడు. కూతురు దిగుతుంటే భుజం పట్టుకున్నాడు.

"భయమేసిందా తల్లీ?"

"కొంచెం. నీకో?"

"నాకు చాలా," అన్నాడు వెర్లిన్. ఆర్డిత్ చెయ్యి అతనింకా వదల్లేదు.