పది, ఇరవై, నాలుగు, అరవై ఆరు

విజయ్ పాల్‌ను రైల్లోనే చంపేశారు. తుని స్టేషన్‌లో టీ అమ్మేవాడు భుజం తట్టి లేపబోతే మనిషి పక్కకి ఒరిగిపోయాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. అతను పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్ వాళ్ళు అతని ఎడమ బూటు మడమ తిప్పి చూస్తే లోపల చీటీ దొరికింది. నాలుగు నంబర్లు, మధ్య చుక్కలు. 10.20.4.66.

అది 2003 జూన్. మధ్యాహ్నం రెండున్నరకి ఆ చీటీ కొవ్వూరు రేవులో ఆగిన అంబాసిడర్ కారులో, చీఫ్ ఉదయభాస్కర్ చేతిలో ఉంది. పక్కన ఏజెంట్ నలభై ఒకటి, అసలు పేరు బంగార్రాజు.

"శత్రువుల నేమ్ సర్వర్ నంబరిది. రాజమండ్రి గ్యాస్ కంట్రోల్ రూమ్‌లో నువ్వు బిగించొచ్చాక ఎవడో మన థిన్ క్లయింట్‌లో దీన్ని టైపు కొట్టాడు," అన్నాడు చీఫ్.

థిన్ క్లయింట్ అంటే హార్డ్ డిస్కు లేని చిన్న పెట్టె. దానికి సొంత బుర్ర ఉండదు, అన్నీ సర్వర్నే అడగాలి. ఆ సర్వర్ ఎక్కడుందో చెప్పేది నేమ్ సర్వర్. అదే అబద్ధమాడితే పెట్టె దొంగ సర్వర్ దగ్గరికి పోయి, దొంగ స్క్రీన్ తెచ్చి చూపిస్తుంది. ఇవాళ నాలుగు గంటలకి ఆపరేటర్ ఆ స్క్రీన్‌లో వాల్వ్ కోడ్ కొడితే కోడ్ శత్రువుల చేతిలో పడుతుంది. కొట్టకపోతే పెద్దాపురం వైపు ఊళ్ళ కింద నుంచి పోయే గొట్టంలో ప్రెషర్ పెరిగిపోతుంది. కొట్టాల్సిందే, కానీ అసలు స్క్రీన్‌లో.

"ఎవడు చేశాడో తరవాత తేలుద్దాం. ముందు నువ్వెళ్ళి నేమ్ సర్వర్ మార్చు. చివర రెండు. 10.20.4.2."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు బంగార్రాజు. పాతికేళ్ళ సర్వీసు కాబట్టి గొంతు వణకలేదు.

ఆ నంబరు కొట్టింది అతనే.

మూడు వారాల కిందట నీలం చొక్కా వేసుకుని, టెక్నీషియన్ వేషంలో ఆ పెట్టె బిగించడానికి వెళ్ళాడు. సెట్టింగుల కాగితం ఇంగ్లీషులో ఉంది. బంగార్రాజు ఏడో తరగతితో బడి మానేసినవాడు. ఇంగ్లీషులో అంకెలు తప్ప అక్షరం రాదు. ఆ సంగతి డిపార్ట్‌మెంట్లో ఎవరికీ తెలీదు. ఇలాంటప్పుడు బస్టాండుల్లో, పోస్టాఫీసుల్లో అందరూ అనే మాటే అన్నాడు. "కళ్ళజోడు మర్చిపోయానండి, కాస్త చదివి పెడతారా?" అతను అడిగింది హేమశ్రీని. డిపార్ట్‌మెంట్ ఆ ఆఫీసులో సిస్టమ్స్ కన్సల్టెంటుగా పెట్టిన సొంత ఏజెంటామె. మల్లెపూల రంగు షిఫాన్ చీర, చల్లని నవ్వు. ఆమె చదువుతూ పోయింది, అతను కొడుతూ పోయాడు. కాగితం వంక కనీసం తొంగి చూడలేదు.

చీఫ్‌కి ఇదంతా ఇందాక కారులోనే చెప్పాల్సింది. మాట నోటిదాకా వచ్చింది, దిగాక మింగేశాడు. విజయ్ పాల్ ప్రాణం ఆ నంబరు కోసమే పోయిందన్న సంగతి మాత్రం గోదావరి బ్రిడ్జి పొడుగునా అతన్ని వదల్లేదు.

మూడూ నలభైకి కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టాడు. జేబులోని స్కూటర్ తాళం నొక్కితే కింద ఉన్న మఫ్టీ పోలీసులకి సిగ్నల్ పోతుంది. ఆపరేటర్ తబిత కుర్చీలోంచి లేవకుండానే, ఇప్పుడేం రిపేరండీ అని విసుక్కుంది. అతను కార్డు తీసి, తాను సీక్రెట్ ఏజెంటునని చెప్పాడు. ఆ మాట చెప్పడానికి అతనికి ఏ ఇబ్బందీ అనిపించలేదు. తబిత పక్కకి జరిగింది.

సెటప్ తెరిచాడు. అది అతను బట్టీ పట్టిన స్క్రీన్ కాదు. మూడో వరస, రెండో గడి అని గుర్తుపెట్టుకున్నాడు. అక్కడ అంకెలే లేవు. ఎవరో సెట్టింగ్ ఆటోమేటిక్‌లో పెట్టి దాచేశారు. తెర నిండా ఇంగ్లీషు మాటలు. రెండుసార్లు తప్పు నొక్కితే పెట్టె లాక్ అయిపోతుంది. ఒకసారి నొక్కాడు. తప్పు.

మూడూ యాభై రెండు.

"ఈసారైనా కళ్ళజోడు తెచ్చుకున్నారాండి?"

గుమ్మంలో హేమశ్రీ. చేతిలో పిస్టల్ లేదు. అవసరం లేదనుకుంది.

"పోనీ నేను చదవనా? మొన్నట్లాగే," అంది నవ్వుతూ.

తబిత ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. బంగార్రాజు చెవులు కాలిపోయాయి. కైరోలో గోళ్ళు పీకినప్పుడు నోరు విప్పని మనిషి అతను. ఇప్పుడు విప్పాల్సి వచ్చింది, అదీ కూతురి వయసు పిల్ల ముందు.

"తబిత గారూ, నాకు చదవడం రాదండి. మొన్న ఈవిడ చదివింది నమ్మి తప్పు నంబరు కొట్టింది నేనే. మీరు చదవండి. ఏం చెయ్యాలో నేను చెబుతాను."

హేమశ్రీ నవ్వు ఆగిపోయింది. ఈ మాట అతని నోట వస్తుందని ఆమె లెక్క వేసుకోలేదు. ఆమె వెనక్కి తిరిగేసరికి బంగార్రాజు జేబులో తాళం నొక్కేశాడు. మెట్ల మీద పోలీసుల బూట్ల చప్పుడు, ఆమె దారి మూసుకుపోయింది.

తబిత ఒక్కో వరసా వేలు పెట్టి చదివింది. ఆటోమేటిక్ అన్నచోట టిక్ తీసెయ్యమన్నాడు. గేట్‌వే అన్న గడి ముట్టుకోవద్దన్నాడు. నేమ్ సర్వర్ అని ఆమె చదవగానే, చివర అరవై ఆరు తీసి రెండు కొట్టమన్నాడు. పెట్టె ఆగి, మళ్ళీ లేచింది. అసలు స్క్రీన్ వచ్చింది. నాలుగింటికి పదకొండు సెకన్లుండగా తబిత వాల్వ్ కోడ్ కొట్టింది. ప్రెషర్ ముల్లు మెల్లగా కిందికి దిగింది.

"ఇందులో సిగ్గుపడ్డానికేముందండి, మా నాన్నకీ రాదు," అంది తబిత.

ఓదార్పుగానే అంది. అతనికి మాత్రం తల ఇంకా కిందికి దిగిపోయింది. ఆమె నాన్న వల్ల ఎవరూ చావలేదు.

ఆ సాయంత్రమే చీఫ్‌కి ఫోన్‌లో అంతా చెప్పేశాడు. ఆయన అంతా విన్నాడు. తరవాత, చూద్దాంలే అని ఫోన్ పెట్టేశాడు.

పది రోజులకి కంట్రోల్ రూమ్ అడ్రసుకి బంగార్రాజు పేర ఢిల్లీ హెడ్డాఫీసు నుంచి కవరొచ్చింది. బంగార్రాజు దాన్ని తబిత చేతిలో పెట్టాడు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాడు. ఆమె చదివి, తెలుగులో చెప్పింది.

"మీ సాంకేతిక పరిజ్ఞానానికి మెచ్చి ప్రమోషన్ ఇచ్చారండి. ఇకనుంచి ఆఫీసులో కూర్చుని, అందరి రిపోర్టులూ మీరే చదవాలంట."