రోమ్ నుంచి రెండున్నర గంటలు

మరియరాణి మూడోసారి కాఫీ వేడిచేసింది. జోజయ్య ముట్టుకోలేదు. సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లోని ఆ ఇరుకు వంటింట్లో బల్ల మీద అట్లాసు పరిచి, జానతో యూరప్‌ని కొలుస్తున్నాడు.

మధ్యాహ్నంలోగా చెప్పమంది ట్రావెల్ ఏజెంటు కరోలిన్. రోమ్ యాత్రకు టికెట్లు సిద్ధం. లండన్ కూడా కలపాలా వద్దా అన్నదొక్కటే తేలాలి. పెళ్ళయ్యాక వెళ్ళిపోయిన కూతురు హెలెనా లండన్‌లోనే ఉంది. పంతొమ్మిది వందల ఎనభై ఏడులో ఫిజీ సైనిక తిరుగుబాటు గొడవల తరవాత అక్కణ్ణుంచి వచ్చిన సోహన్‌ని హిందూ పద్ధతిలో చేసుకుందని జోజయ్య ఆ పెళ్ళికి వెళ్ళలేదు. నాలుగేళ్ళుగా కూతురితో మాటల్లేవు.

వారం నుంచీ రోజుకో సాకు. మొదట కాళ్ళవాపు అన్నాడు. తరవాత లండన్ చలి అన్నాడు. ఇవాళ దూరం.

“చూడు రాణీ. రోమ్ నుంచి లండన్‌కి జానెడు. ఆస్ట్రేలియా పేజీలో సిడ్నీ నుంచి పెర్త్‌కీ జానెడే. అంటే ఐదు గంటల ఫ్లైటు. ఈ వయసులో నా వల్ల కాదు.”

మరియరాణి అప్పటికప్పుడు కరోలిన్‌కి ఫోన్ చేసింది. రోమ్ విమానాశ్రయం ఫియుమిచినోలో ఎక్కితే లండన్ హీత్రో పద్నాలుగు వందల చిల్లర కిలోమీటర్లు, రెండున్నర గంటలని కరోలిన్ చెప్పింది. టికెట్లు అమ్ముకునేవాళ్ళు అలాగే చెబుతారని జోజయ్య తీసిపారేశాడు.

ఆమెకి ఇక ఓపిక లేకపోయింది. అట్లాసు తన వైపు లాక్కుంది.

“రైల్వేలో జీవితమంతా మ్యాపులు గీసినాయన మీరు. ఏ పేజీ స్కేలు ఆ పేజీదేనని నాకు నేర్పిందే మీరు. ఎవర్ని ఫూల్ చేస్తున్నారండీ? పెళ్ళి హాలు మనింటికి పది నిమిషాలు. అదీ దూరమే అయింది మీకు. వద్దని చెప్పేస్తా, గొడవ వదులుద్ది.”

ఆమె ఫోనెత్తింది. జోజయ్య చెయ్యి అడ్డంపెట్టాడు.

“దూరమని కాదు రాణీ. రెండున్నర గంటలే. ఎక్కి కూర్చునేలోపు దింపేస్తారు. ఎదురుగా అది నిలబడి ఉంటది. ఏమని మొదలెట్టాలో నాకు తోచట్లేదు.”

ఇన్నేళ్ళూ పంతమనుకుంది మరియరాణి. భయమని ఇప్పుడే తెలిసింది. కోపం పోలేదు గానీ, గొంతు మాత్రం తగ్గింది.

“నంబరు ఫ్రిజ్ మీదే ఉంది. అక్కడ పడుకునే వేళ. అయినా లేస్తది.”

ఆయన నంబరు తిప్పాడు. అవతల నిద్రగొంతు అమ్మా అని పలికింది. ఎప్పుడూ ఫోన్ చేసేది అమ్మే మరి.

“అమ్మ కాదు, నేను.”

ఆయన రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాడు.

“వస్తున్నాం. నీకింకా చింతకాయ పచ్చడి ఇష్టమేనా?”

చాలాసేపు విన్నాడు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత రిసీవరుని అరచేత్తో మూసి, ఏదో చిరాకు పడుతున్నవాడిలా భార్య వైపు తిరిగాడు.

“కారం తగ్గించాలట రాణీ. అల్లుడు తినలేడట.”

మరియరాణి అట్లాసు మూసేసింది. అప్పటికే యూరప్ మీద ఆమె కన్నీటి చుక్కలు రెండు పడ్డాయి.