పదిహేడో నంబరు కణాలు

ఉదయం తొమ్మిదీ పదికి దొంగతనం బయటపడింది. ల్యాబ్‌లో కణాలను గడ్డకట్టించి దాచే నైట్రోజన్ ట్యాంకులో పదిహేడో నంబరు పెట్టె ఖాళీ. అయిదు చిన్న సీసాలు మాయం.

పదిన్నరకు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

"ఏముంది వాటిలో?"

"అండాశయ క్యాన్సర్ కణాలు," అంది ల్యాబ్ నడిపే డాక్టరమ్మ. "రెండేళ్ళ క్రితం చనిపోయిన ఒకావిడవి. ఏ కీమోకీ లొంగని కొరకరాని కొయ్యలు. పోయిన నెల మా కొత్త మందు ముందుగా ఇచ్చి కీమో ఇస్తే మొదటిసారి లొంగాయి. ఇంకొక్కసారి రుజువైతే రోగుల మీద పరీక్షకు అనుమతి అడిగేవాళ్ళం."

"ఇంకెక్కడా దాచలేదా?"

"పెంచుతున్నవన్నీ ఆ ప్రయోగంలో అయిపోయాయి. మిగిలినవి అవే."

ట్యాంకు తాళాలు ముగ్గురి దగ్గరే ఉంటాయి. డాక్టరమ్మ, వచ్చే వారం వేరే ల్యాబ్‌లో చేరబోతున్న రీసెర్చర్, కణాలకు మేత వేసి పెంచే టెక్నీషియన్.

అనుమానమంతా రీసెర్చర్ మీదే.

"నిన్న సాయంత్రం ల్యాబ్ మూసేటప్పుడు ఎక్కడున్నారు?"

"ఇక్కడే. నా బ్యాగు వెతుక్కోండి."

వెతికారు. ఏమీ దొరకలేదు.

టెక్నీషియన్ కళ్ళు వాచి ఉన్నాయి.

"ట్యాంకు చివరిగా ఎవరు తెరిచారు?"

"తెలీదు సార్. అయినా చచ్చిపోయిన కణాల కోసం ఇంత వెతుకులాటెందుకు?"

పన్నెండింటికి ఇన్‌స్పెక్టర్ ముగ్గురినీ కూర్చోబెట్టాడు.

"వాడుకోవాలని ఎత్తుకెళ్ళేవాడు వాటిని ట్యాంకులోలాగే గడ్డకట్టించి ఉంచి బతికించుకుంటాడు. అందుకే మీరిద్దరూ అవి ఎక్కడో బతికే ఉన్నాయనుకుంటున్నారు. చచ్చిపోయాయన్నది ఒక్కరే. తీసినవాళ్ళకి తప్ప ఆ సంగతి తెలిసే వీల్లేదు. ఎందుకు చేశావమ్మా?"

టెక్నీషియన్ కోటు జేబులోంచి అయిదు సీసాలూ తీసి బల్ల మీద పెట్టింది. వెచ్చగా ఉన్నాయి.

"మొన్న పాత ఫైళ్ళు సర్దుతుంటే పదిహేడో నంబరు పక్కన మా అక్క ఆస్పత్రి నంబరు కనబడింది. అక్క పోయాకే నేనీ ఉద్యోగంలో చేరాను సార్. దాన్ని తినేసినవాటికి నా చేత్తోనే మేత వేశాను. పాముకు పాలు పోసినట్టు. అది బతికుండగా ఒక్క మందుకీ లొంగలేదే. ఇప్పుడు లొంగితే అక్క తిరిగొస్తుందా?"

డాక్టరమ్మ లేచింది. లోపలికెళ్ళి సీలు వేసిన కవరు తెచ్చి విప్పింది. కణాలు తీసుకోవడానికి రోగి ఇచ్చిన అంగీకార పత్రం. అడుగున వణికిన చేతిరాత.

"నాకు పనికిరాకపోయినా ఇంకొకరికి పనికొస్తే చాలు. మా చెల్లికి మాత్రం చెప్పకండి. అది తట్టుకోలేదు."

టెక్నీషియన్ రెండుసార్లు చదువుకుంది. ఆ అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఒక్కటైనా బతికుండదా డాక్టరమ్మా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "మళ్ళీ మొదలుపెట్టాలి. అలాంటివి దొరికితే."

"అక్కను మొదటిసారి జబ్బు తీసుకుపోయింది. ఈసారి నేను." ఆ పిల్ల ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "రాసుకోండి సార్."

ఆయన పెన్ను మూత తీశాడు.